అడవి ఒక శాఖ, ఆనవాళ్లు ఇంకో శాఖ

షామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చుని సద్దిమూటలు విప్పుకుంటున్నప్పుడు మాతో వచ్చిన ఎనిమిదో తరగతి పిల్ల ఒకటి అడిగింది: "సార్, ఈ చెరువు ఎవరిది?"

అక్కడ నలుగురం టీచర్లం ఉన్నాం. నాలుగు జవాబులు వచ్చాయి. తూము, కట్ట నీటిపారుదల శాఖవి అన్నారు ఒకరు. చేపలు మత్స్య సహకార సంఘానివి అన్నారు ఇంకొకరు. చెరువు పూర్తి నీటిమట్టం ఎక్కడిదాకానో హద్దు గీసే పని హెచ్‌ఎండీఏ ఆధ్వర్యంలోని చెరువుల కమిటీది. నీళ్లు చెడిపోతే కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి. పక్కనున్న జవహర్ జింకల పార్కు అటవీ శాఖది, ఒడ్డున ఉన్న అతిథి గృహం పర్యాటక శాఖది. పిల్ల అన్నీ విన్నది. విని, "మరి మా తండా తీజ్ బుట్టలు ఏ నీళ్లల్ల వదలాలె, అది ఎవర్ని అడగాలె?" అన్నది. దానికి మా నలుగురి దగ్గరా జవాబు లేదు.

ఆ ప్రశ్న వెంట పడి పోతే చివరికి ఒక మంత్రి బల్ల దగ్గర తేలాం. పర్యావరణాన్ని, వారసత్వాన్ని రెండింటినీ కలిపి చూసే మంత్రి మన రాష్ట్రంలో ఉన్నారా? ఉంటే వారి చేతిలో ఏముంది? ఏం లేదు? గిరిజన యువతకు, వారికి పాఠాలు చెప్పే మాలాంటి వాళ్లకు ఈ సంగతి తెలిసి ఉండాలి. మనం అడవి అంటాం, గుడి అంటాం, చెరువు అంటాం, సమాధి రాయి అంటాం. మనకు అవన్నీ ఒకటే చోటు. సర్కారుకు అవి నాలుగు వేరువేరు ఫైళ్లు.

ముందు ఈ నేల సంగతి కొంచెం చెప్పుకోవాలి. మేడ్చల్, షామీర్‌పేట అంటే ఇవాళ్టి పిల్లలకు ఔటర్ రింగు రోడ్డు, జినోమ్ వ్యాలీ, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం. నిజాం కాలంలో ఈ ప్రాంతం అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా, అంటే నగరం చుట్టుపక్కల నేల. ఇది దివానీ ఇలాకా కాదు, సర్ఫ్-ఎ-ఖాస్. నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న భూమి. ఇక్కడి రైతు కట్టిన శిస్తు రాజ్యం ఖజానాకు పోలేదు, దొరగారి ఇంటికి పోయింది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ రద్దయి దివానీలో కలిసేదాకా ఇదే నడిచింది. అందుకేనేమో ఇక్కడి పెద్దల మాటల్లో "సర్కారు భూమి" అన్నప్పుడు ఇప్పటికీ ఒక అనుమానం వినిపిస్తుంది. సర్కారు అంటే ఎవరు?

మా బంజారా పెద్దలకు ఈ నేల దారి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగిన లదేణీ బతుకు వాళ్లది. మొఘలుల దండు దక్షిణానికి వచ్చినా, తర్వాత ఎవరి దండు నడిచినా తిండిగింజలు మోసింది మా ఎద్దులే. హైదరాబాద్ నుంచి మేడ్చల్, కామారెడ్డి మీదుగా మన్మాడ్ దాకా గోదావరి లోయ రైలు 1901 నాటికి పరుగెత్తసాగింది. రైలు పెట్టె ఒక్కటి ఎన్ని ఎడ్ల మోతకు సమానమో లెక్క వేసుకోండి. దారి బతుకు ఆగింది. ఆగిన చోట తండా అయింది. తండా అడవి అంచున అయింది, ఎందుకంటే ఎడ్లకు మేత అక్కడే. అదే కాలంలో అడవికి హద్దురాళ్లు పడుతున్నాయి, నిజాం సర్కారు అటవీ చట్టం చేస్తున్నది. మోత పోయి మేతకొచ్చేసరికి మేత కూడా రిజర్వు అయింది. ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లో ఆ హద్దురాళ్లు ఎక్కడికి దారితీశాయో కుమ్రం భీం కథలో మనందరికీ తెలుసు. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగారు. మేడ్చల్ వైపు అంత పెద్ద పోరు జరగలేదు. పశువుల బందెలదొడ్డి, జరిమానా, దండం, మళ్లీ జరిమానా. ఇలాంటివి చరిత్ర పుస్తకంలోకి ఎక్కవు.

1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మేడ్చల్ మండలంలో రాజబొల్లారం తండా అట్లాంటిదే. కానీ ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం కాదు. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, పెసా ఉంది, ఐటీడీఏ ఉంది. ఇక్కడ అవేమీ లేవు. కాబట్టి నగరం పెరిగి మీదికి వచ్చినప్పుడు ఇక్కడి తండావాళ్లకు మిగిలేది మామూలు పౌరుడికి ఉన్నంత దారే. ఆ దారిలో ఎదురయ్యే మొదటి తలుపు మీద ఉన్న పేరు అటవీ పర్యావరణ శాఖ.

ఈ శాఖ అంత పాతదేం కాదు. రాజ్యాంగం రాసినప్పుడు అందులో పర్యావరణం అన్న మాట లేదు. అడవి రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో వచ్చిన 42వ సవరణ మూడు పనులు చేసింది. 48-ఎ అధికరణం పెట్టి పర్యావరణాన్ని, అడవులను, వన్యప్రాణులను కాపాడడం రాజ్యం ధర్మం అన్నది. 51-ఎ పెట్టి అది పౌరుడి విధి కూడా అన్నది. అడవిని రాష్ట్రాల జాబితా నుంచి తీసి ఉమ్మడి జాబితాలో వేసింది. మూడోది చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ 1980 అటవీ సంరక్షణ చట్టానికి పునాది అదే. అప్పటినుంచి రిజర్వు అడవిలో రోడ్డు వేయాలన్నా, గని తవ్వాలన్నా రాష్ట్ర మంత్రి ఒప్పుకుంటే చాలదు, ఢిల్లీ ఒప్పుకోవాలి. అదే 1980లో కేంద్రంలో పర్యావరణ విభాగం పుట్టింది, 1985లో అది మంత్రిత్వ శాఖ అయింది. రాష్ట్రాలు ఆ అచ్చులోనే తమ అటవీ శాఖల పక్కన పర్యావరణం అన్న మాట చేర్చుకున్నాయి.

వారసత్వం వేరే దారిన వచ్చింది. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవి కేంద్రానివి, మిగిలిన పురాతన కట్టడాలు రాష్ట్రానివి అని ఏడో షెడ్యూలు చెబుతుంది. 49వ అధికరణం జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలను కాపాడడం రాజ్యం బాధ్యత అంటుంది. కట్టడం అన్న మాట గమనించండి. కట్టినది ఉండాలి. రాయి మీద రాయి పేర్చినది ఉండాలి. వేపచెట్టు కింద నిలబెట్టిన ఏడు రాళ్లు కట్టడం కిందికి వస్తాయా? అవి మా తండాలో సీత్లా భవాని, ఆమె అక్కచెల్లెళ్లు. ఆషాఢంలో పశువులను ఆ రాళ్ల దగ్గరికి తోలుకుపోయి, రోగం రావొద్దని మొక్కుతాం. పురావస్తు శాఖ పుస్తకంలో ఆ చోటుకు గడి లేదు.

తెలంగాణ ఏర్పడిన 2014 జూన్ 2 నుంచి లెక్క చూద్దాం. మొదటి ప్రభుత్వంలో అటవీ, పర్యావరణ శాఖల మంత్రి ఆదిలాబాద్‌కు చెందిన జోగు రామన్న. ఆయన కాలంలోనే, 2015 జూలైలో, హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి తేవాలన్నది అప్పటి మాట. 2019లో నిర్మల్‌కు చెందిన అల్లోల ఇంద్రకరణ్ రెడ్డి మంత్రి అయ్యారు. ఆయన చేతిలో అటవీ పర్యావరణాలతో పాటు దేవాదాయ శాఖ కూడా ఉంది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక వరంగల్‌కు చెందిన కొండా సురేఖ ఈ పదవిలోకి వచ్చారు, ఆమెకూ అదే జత: అటవీ పర్యావరణం, దేవాదాయం.

ఈ జతను చూసి మాలో కొందరు ఆశపడ్డారు. మేడారం ఉదాహరణ తీసుకోండి. సమ్మక్క సారలమ్మ గద్దెలు అడవి నడుమ ఉన్నాయి. జాతర దేవాదాయ శాఖది, చుట్టూ అడవి అటవీ శాఖది. రెండు ఫైళ్లూ ఒకే మంత్రి బల్ల మీదికి వస్తాయి. తల్లి అడవి నుంచి వస్తుంది కాబట్టి అడవి లేకపోతే జాతర లేదు అన్న మాట కనీసం ఒక బల్ల దగ్గరైనా అర్థం కావాలి కదా అని మా ఆశ. కానీ దేవాదాయ శాఖ చూసేది రిజిస్టరులో ఉన్న గుడిని. హుండీ, కార్యనిర్వహణాధికారి, పాలకమండలి ఉన్న చోటును. పురావస్తు శాఖ, అంటే ఇప్పుడు హెరిటేజ్ తెలంగాణ అని పిలిచేది, ఇంకో మంత్రి దగ్గర, పర్యాటక సాంస్కృతిక శాఖలతో కలిసి ఉంటుంది. 2019 నుంచి 2023 దాకా అవి వి. శ్రీనివాస్ గౌడ్ చూశారు, తర్వాత జూపల్లి కృష్ణారావు. 2021 జూలైలో రామప్ప గుడి యునెస్కో జాబితాకు ఎక్కినప్పుడు సంబరం చేసుకున్నది ఆ శాఖ. మన అటవీ హక్కుల చట్టం అమలుకు నోడల్ శాఖ గిరిజన సంక్షేమం. అంటే మన గూడెం ఒక్కదానికి నాలుగు శాఖలు. నలుగురు ఉన్న ఇంట్లో కుండకు నీళ్లు పట్టేవాళ్లు ఎవరో మీకు తెలుసు.

నగరం అంచున వారసత్వ చట్టాల కథ ఇంకా విచిత్రం. 1995లో హుడా తన నిబంధనల్లో 13వ నిబంధన చేర్చింది. హైదరాబాద్‌లోని పాత కట్టడాల జాబితా తయారుచేసి, వాటిని కూల్చాలంటే కమిటీ అనుమతి కావాలన్నది. తర్వాత కొన్ని రాతిగుట్టలను కూడా ఆ జాబితాలో చేర్చారు. ఇది మామూలు విషయం కాదు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఈ బండరాళ్ల వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. మనిషి కట్టని దాన్ని కూడా వారసత్వం అన్న మొదటి నిబంధనల్లో అదొకటి. పర్యావరణం, వారసత్వం అక్కడ ఒక కాగితం మీద కలిశాయి. 2015 చివర ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019 సెప్టెంబరులో ఎర్రమంజిల్ భవనాన్ని కూల్చాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసినప్పుడు ఈ నిబంధనలన్నీ మళ్లీ చర్చకు వచ్చాయి. నవాబుల భవనం గురించి కోర్టుకు పోయే మనుషులున్నారు, మంచిదే. షామీర్‌పేట దారిలో కంకర మిషను కింద పొడి అయిన గుట్టల గురించి ఎవరు పోవాలి?

గుట్ట అంటే కీసరగుట్ట గుర్తుకొచ్చింది. షామీర్‌పేటకు పొరుగు మండలమే. అక్కడ రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు బయటపడ్డాయి. ఒక బండ మీద "తొలచువాండ్రు" అన్న ఒక్క మాట చెక్కి ఉంది. సుమారు 5వ శతాబ్దం నాటిదని పండితులు అంటారు. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు అక్షరాల్లో అదొకటి. అర్థం ఏమిటి? రాళ్లు తొలిచేవాళ్లు. రాజు పేరు కాదు, దేవుడి పేరు కాదు, దానపత్రం కాదు. పనిచేసినవాళ్లు తమను తాము ఏమని పిలుచుకున్నారో అది. పదిహేను వందల ఏళ్ల కింద ఉలి పట్టినవాడు తన గుంపు పేరు రాసుకోగలిగాడు. ఇక్కడ టీచర్లకు ఒక విన్నపం: పిల్లలను కీసరకు తీసుకుపోతే గుడి మెట్ల దగ్గరే ఆపకుండా ఆ మాట దాకా తీసుకుపోండి. లిపి లేని మన భాషల గురించి, గోర్ బోలీ గురించి, కోయ గురించి మాట్లాడడానికి అంతకన్నా మంచి చోటు మాకు తోచలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మంత్రి చేతిలో ఏముంది? పత్రికలు చదివితే మంత్రి అంటే మొక్క నాటే మనిషి అనిపిస్తుంది. నిజానికి మంత్రి చేతిలో మూడు రకాల అధికారం ఉంది. ఒకటి సంతకం. రాష్ట్ర ప్రభుత్వ పాలనా నిబంధనల ప్రకారం శాఖ నిర్ణయాలు మంత్రి ముందుకు వస్తాయి. అభయారణ్యం, సంరక్షణ కేంద్రం, రిజర్వు అడవి నోటిఫికేషన్లు ప్రభుత్వం పేరుతో వెలువడతాయి. రెండోది కుర్చీ. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాష్ట్ర వన్యప్రాణి మండలికి ముఖ్యమంత్రి అధ్యక్షుడు, అటవీ మంత్రి ఉపాధ్యక్షుడు. ఆ మండలిలో ప్రభుత్వం నియమించే 10 మంది నిపుణుల్లో కనీసం ఇద్దరు షెడ్యూల్డు తెగల ప్రతినిధులు ఉండాలని చట్టంలోనే రాసి ఉంది. ఈ వాక్యాన్ని మా యువకులు బట్టీ పట్టాలి. ఆ ఇద్దరు ఎవరు, ఎప్పుడు నియమించారు, సమావేశంలో ఏమన్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పది రూపాయలు చాలు. మూడోది మౌనం. ఫైలు తనదగ్గర ఆపుకోవడం, లేదా "ఇది నా శాఖ కాదు" అనడం. మా అనుభవంలో మూడోదే ఎక్కువ వాడతారు.

సంతకం ఏం చేయగలదో ఇంకో రాష్ట్రంలో చూశాం. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకానికి 2010 ఆగస్టులో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ అటవీ అనుమతి నిరాకరించారు. అది కోర్టుకు పోయింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కొండ మీది నియమరాజును పూజించే హక్కుకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలన్నది. ఆ ఏడు 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12 కూడా వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్రం ప్రాజెక్టును తిరస్కరించింది. అక్కడ కొండ ఒకేసారి నీటి ఊట, అడవి, దేవుడు. డోంగ్రియా కోంధులు ఎప్పటినుంచో చెబుతున్న మాటనే ఒక మంత్రి, ఒక కోర్టు తమ తమ భాషల్లో రాశారు.

సంతకం ఎదురు దిక్కున ఏం చేస్తుందో తెలియాలంటే సముద్రం దాటాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో జూకన్ లోయ అనే చోట 46 వేల ఏళ్ల కిందటి నుంచి మనుషులు బతికిన ఆనవాళ్లున్న రాతిగుహలను 2020 మే 24న రియో టింటో అనే గని కంపెనీ ఇనుప ఖనిజం కోసం పేల్చేసింది. ఆ నేల పుటు కుంటి కురమ, పినికుర ప్రజలది. వాళ్లు ఏడ్చారు, ప్రపంచం ఉలిక్కిపడింది, కంపెనీ పెద్దలు పదవులు వదిలారు. కానీ పేలుడు చట్టవిరుద్ధం కాదు! ఆదిమవాసి వారసత్వ చట్టం 1972 కింద అక్కడి రాష్ట్ర మంత్రి 2013లోనే అనుమతి ఇచ్చారు. అనుమతి ఇచ్చాక తవ్వకాల్లో కొత్త ఆనవాళ్లు బయటపడ్డాయి, అయినా ఇచ్చిన సంతకాన్ని వెనక్కి తీసుకునే దారి ఆ చట్టంలో లేదు. అదే దేశంలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2023 నుంచి పర్యావరణం, వారసత్వం రెండూ పెన్నీ షార్ప్ అనే ఒకే మంత్రి చూస్తున్నారు. శాఖలు కలిపితే అన్నీ సర్దుకుంటాయని మేము అనడం లేదు. ఎవరి దగ్గరికి పోవాలో తెలుస్తుంది, అంతే.

మన రాష్ట్రంలో రెండు సంగతులు చూద్దాం. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో, యురేనియం అన్వేషణకు 83 చదరపు కిలోమీటర్ల మేర కేంద్ర అటవీ సలహా కమిటీ 2019 మేలో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. చెంచు పెంటలు, అప్పాపూర్ నుంచి మన్ననూర్ దాకా, వద్దన్నాయి. కవులు, గాయకులు, విద్యార్థులు, సినిమావాళ్లు అందరూ కదిలారు. సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. గెలుపే. కానీ ఒక చిన్న మాట మరిచిపోకూడదు. అంతకుముందు 2016లో, ముందు చెప్పిన ఆ రాష్ట్ర వన్యప్రాణి మండలి దగ్గరికి అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు అది వద్దనలేదు. చట్టం చెప్పిన ఆ రెండు కుర్చీల్లోంచి ఒక చెంచు గొంతు అప్పుడే గట్టిగా పలికి ఉంటే 2019 దాకా వచ్చేదా అని మాకు అనిపిస్తుంది.

రెండోది జీవో 49. 2025 మే 30న ప్రభుత్వం కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పెద్ద అడవి భాగాన్ని, కవ్వాల్ తాడోబా పులుల దారి కోసం, కుమ్రం భీం సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. వన్యప్రాణి చట్టంలోని 36-ఎ ప్రకారం అట్లా ప్రకటించే ముందు స్థానిక ప్రజలతో సంప్రదించాలి. మమ్మల్ని ఎవరు అడిగారని ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి. జూలైలో ప్రభుత్వం జీవోను నిలిపివేసింది. పులి మన శత్రువు కాదు, గోండుల గోత్రాల్లో, కథల్లో అది బంధువు. పులి పేరు మీద వచ్చిన కాగితంలో మనిషి పేరు లేకపోవడమే గొడవ. జల్ జంగల్ జమీన్ అన్న మనిషి పేరు పెట్టి, ఆయన ఊళ్లను అడగకపోవడం ఇంకా గొడవ.

ఇక మేడ్చల్‌కు తిరిగి వద్దాం. ఇక్కడ అడవి అంటే ఇప్పుడు అర్బన్ ఫారెస్ట్ పార్కు. కండ్లకోయ రిజర్వు అడవిలో, రింగు రోడ్డు పక్కన, ఆక్సిజన్ పార్కు కట్టారు. నడిచే బాట, కంచె, టికెట్టు. చెంగిచెర్ల అటవీ బ్లాకులో 1,080 ఎకరాలను 2022 ఫిబ్రవరిలో సినీ నటుడు నాగార్జున దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. కంచె లేకపోతే ఆ అడవి ప్లాట్లు అయ్యేదని అటవీ అధికారులు అంటారు. అందులో నిజం ఉంది, మేము కాదనం. రింగు రోడ్డు పక్కన ఎకరం ధర తెలిసినవాళ్లెవరూ కాదనరు. అయినా దత్తత అన్న మాట దగ్గర మా మనసు ఆగింది. దత్తత ఇచ్చేది తల్లిదండ్రులు లేని పిల్లను. ఈ అడవిలో మోదుగాకు కోసినవాళ్లు, సీతాఫలాలు ఏరి బొల్లారం, అల్వాల్ సంతల్లో అమ్మినవాళ్లు, మేకలు మేపినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. పార్కు గేటు దగ్గర కాపలా ఉద్యోగం వాళ్లలో ఒకరిద్దరికి వచ్చింది. ఒక ముసలాయన మాతో అన్నాడు, చిన్నప్పుడు గార్డును చూసి ఉరికేవాణ్ణి, ఇప్పుడు నేనే గార్డును, ఎవరూ ఉరకడం లేదు, ఫోటోలు దిగుతున్నారు అని. నవ్వుతూనే అన్నాడు.

అటవీ హక్కుల చట్టం 2006 ఏజెన్సీకే పరిమితం అని చాలామంది టీచర్లు కూడా అనుకుంటారు. కాదు. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి మీద ఆధారపడి బతుకుతున్న షెడ్యూల్డు తెగలకు అది దేశమంతా వర్తిస్తుంది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అందరి కళ్లూ సాగు భూమి మీదే ఉన్నాయి. ఈ చట్టంలో 3వ సెక్షన్ జీవవైవిధ్యం, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు గురించి చెబుతుంది. 5వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది: అడవి బిడ్డల సాంస్కృతిక, సహజ వారసత్వాన్ని దెబ్బతీసే పనుల నుంచి వారి నివాసాన్ని కాపాడే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఉంది. సాంస్కృతిక, సహజ అన్న రెండు మాటలు ఒకే వాక్యంలో! మంత్రివర్గంలో కలవని రెండు శాఖలు ఆ ఒక్క వాక్యంలో కలిశాయి. పట్టా కాగితం ఇనుప పెట్టెలో దాచుకున్న మనం ఆ వాక్యాన్ని ఎక్కడ పెట్టుకున్నాం?

నగరం ఆగదు. సికింద్రాబాద్ నుంచి షామీర్‌పేట దాకా ఎత్తైన రోడ్డుకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. మేడ్చల్‌కు, షామీర్‌పేటకు మెట్రో రైలు తెస్తామన్నారు. నగరం చెత్త జవహర్‌నగర్‌కు వస్తుంది, ఆ గుట్ట నుంచి కారిన మురుగు మల్కారం చెరువును నల్లగా చేసింది. హరిత ట్రిబ్యునల్ దాకా పోయిన సంగతి అది. మందుల కంపెనీల వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు, అక్కడ ఒక రాత్రి పడుకుంటే తెలుస్తుంది.

ఆ పిల్ల అడిగిన తీజ్ సంగతి ఇక్కడ చెప్పాలి. శ్రావణంలో తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పోస్తారు. రోజూ నీళ్లు పోసి పాటలు పాడతారు. తొమ్మిదో నాడు బుట్టలు నెత్తిన పెట్టుకుని నీళ్ల దగ్గరికి పోయి, నారు పంచుకుని, మిగిలింది నీళ్లలో వదులుతారు. ఆ పండుగకు గుడి లేదు, గోపురం లేదు, హుండీ లేదు. కావలసింది ఒక్కటే, పిల్లలు కాళ్లు పెట్టగలిగే నీళ్లు. ఆ నీళ్లు చెడితే అది కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో ఒక అంకె. వారసత్వ శాఖ లెక్కలో అదేమీ కాదు. మా లెక్కలో ఒక పండుగ పోయినట్టు. ఈమధ్య కొన్ని తండాల్లో ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు నింపి నారు వదులుతున్నారు. మా ఇళ్లలో పెద్దమ్మలు అది చూసి ఏమీ అనరు, పాట మాత్రం సగంలో ఆపేస్తారు.

జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలా చోట్ల ఎవరో కంపెనీవాళ్లు వచ్చి ఒక ఊరి రిజిస్టరునే ఇంకో ఊరికి దించి పోతారు. మేము ఒకటి చూశాం, అందులో ఆ ఊళ్లో లేని చెట్లు ఉన్నాయి, ఉన్న రాళ్లు లేవు. అందుకని ఈసారి పిల్లలతోనే రాయించాం. ఫారం పక్కన ఖాళీ కాగితం పెట్టి, నీళ్లు, రాళ్లు, చెట్లు, సమాధులు, దారులు అని ఐదు గడులు గీసుకున్నాం. రెండు ఆదివారాలు పట్టింది. ఏడు రాళ్ల సీత్లా గుడులు మూడు. పశువులు నీళ్లు తాగిన కుంటలు నాలుగు, వాటిలో రెండు ఇప్పుడు వెంచర్లు. లదేణీ ఎడ్లు దిగిన మర్రిచెట్టు ఒకటి, చెట్టు లేదు, బస్టాపుకు దాని పేరు ఉంది.

ఆ కాగితాలు రెండు ప్రతులు తీశాం. ఒకటి పంచాయతీలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాం. రెండోది అటవీ పర్యావరణ మంత్రి పేషీకి పంపాలా, సాంస్కృతిక మంత్రి పేషీకి పంపాలా అని చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఎనిమిదో తరగతి పిల్లే తేల్చింది. ఇద్దరి పేర్లూ ఒకే కవరు మీద రాసింది. పోస్టాఫీసులో గుమాస్తా తిప్పి తిప్పి చూసి, ఒక కవరుకు ఒక చిరునామానే ఉండాలమ్మా అన్నాడు.